నెల మధ్యలోనే డబ్బులు అయిపోతున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

ప్రశ్న

డిగ్రీ మొదటి సంవత్సరం, రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండటం ఇదే మొదటిసారి. ప్రతి నెలా 1వ తేదీన నాన్న డబ్బులు వేస్తారు. హాస్టల్ ఫీజు కట్టాక మిగిలినదే నా ఖర్చులకు. 20వ తేదీ వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. అక్కడి నుంచి రూమ్మేట్ దగ్గర చేబదులు. 1న డబ్బు రాగానే ముందు తన బాకీ తీరుస్తాను, దాంతో కొత్త నెల కూడా తక్కువ డబ్బుతోనే మొదలవుతుంది. ఈ నెల 18కే అయిపోయాయి.

నేను షికార్లు తిరిగే మనిషిని కాదు. ఈ సెమిస్టర్లో బట్టలు కొన్నది ఒక్కసారే. అవసరాలకు 50 శాతం, ఇష్టాలకు 30, పొదుపుకు 20 అనే పద్ధతి చదివి ప్రయత్నించాను. హాస్టల్ ఫీజే సగం దాటిపోతోంది, అక్కడే ఆగిపోయాను. తమ్ముడి చదువు ఖర్చు కూడా నాన్నే చూసుకోవాలి, ఇంకా పంపమని అడగడానికి నోరు రావట్లేదు. ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ అనే ఆఫర్ ఫోన్‌లో రోజూ కనిపిస్తోంది. ఒక్క నెలకు వాడుకుంటే గట్టెక్కుతానా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు 1

చెల్లీ, ఆ ఆఫర్ జోలికి వెళ్లకు. నేను ఇలాంటిదే తీసుకుని గడువు దాటించాను. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నదే అనిపించింది. వడ్డీ మీద వడ్డీ పడితే అది ఏడాదికి 36 కాదు, దాదాపు 42.6 శాతం. ఏమీ కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో అప్పు రెట్టింపు దాటుతుంది. కనీస మొత్తం కడుతున్నాను కదా అనుకున్నా అంతే. 100 బాకీకి 5 కడితే అందులో 3 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 2. నాకు బయటపడటానికి ఏడాదిన్నర పట్టింది.

జవాబు 2

నేను పీజీ చివరి సంవత్సరం. రెండేళ్లు నాదీ నీ పరిస్థితే. చిల్లర ఖర్చులన్నీ కోసేశాను, అయినా నెలాఖరు గడిచేది కాదు. ఒకరోజు కూర్చుని, గుర్తున్నంతవరకు ఆరు నెలల ఖర్చులు కాగితం మీద రాశాను. నన్ను ముంచింది రోజువారీ ఖర్చు కాదని అప్పుడు తెలిసింది. పరీక్ష ఫీజు, రికార్డు బుక్కులు, ఊరికి వెళ్లొచ్చిన టికెట్లు, కళ్లద్దాలు, ఒకసారి జ్వరానికి మందులు. వీటిలో ఏదీ ప్రతి నెలా రాదు. కానీ ప్రతి నెలా ఏదో ఒకటి వస్తుంది. మనం దాన్ని ‘ఈ ఒక్క నెలే’ అనుకుని దాటేస్తాం.

అందుకే సెమిస్టర్ మొదట్లోనే రాబోయే పెద్ద ఖర్చులు రాసి, మొత్తాన్ని ఆరుతో భాగించు. ఆ భాగాన్ని 1వ తేదీనే వేరే ఖాతాలోనో కవర్లోనో పెట్టెయ్యి. అది పొదుపు కాదు, ముందే ఖర్చయిన డబ్బు అనుకో.

మిగిలినదాన్ని వారాలుగా పంచుకో. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. నెలకు నాలుగు వారాలే అనుకున్నాను. అలా అయితే ఏడాదికి 48 వారాలే, కానీ ఉండేవి 52. ఆ నాలుగు వారాల ఖర్చు ఎక్కడి నుంచో రావాలి కదా, నాకు అప్పుల నుంచి వచ్చింది. డబ్బును ఐదు భాగాలు చెయ్యి. ఐదో భాగంతో 28 తర్వాతి రోజులు గడుస్తాయి, అందులో మిగిలింది వచ్చే నెలకు.

50-30-20 గురించి బాధపడకు. అది పన్నులు పోగా చేతికి వచ్చే జీతాన్ని పంచుకోవడానికి చెప్పిన పద్ధతి. అద్దే సగం మింగేసే విద్యార్థికి ఆ కొలత సరిపోకపోవడం నీ లోపం కాదు.

రూమ్మేట్ బాకీ మాత్రం ఒకేసారి తీర్చకు. తనతో మాట్లాడి మూడు నెలల్లో ఇస్తానని చెప్పు. బాకీ మొత్తం 1నే కట్టేయడం వల్లే మళ్లీ 18కి తన దగ్గరికే వెళ్తున్నావు.

జవాబు 3

పైన చెప్పినట్టు రాయడం చాలా అవసరం. ఫోన్‌లో కన్నా చేత్తో రాస్తే నాకు బాగా పనిచేసింది. జపాన్‌లో హనీ మోతోకో అనే పాత్రికేయురాలు 1904లోనే ఇంటి పద్దు పుస్తకాన్ని ప్రచారంలోకి తెచ్చారు. చేతిలో ఎంతుంది, ఎంత మిగల్చాలి, ఎంత ఖర్చవుతోంది, ఎలా మెరుగుపరచాలి, ఈ నాలుగే ప్రశ్నలు. పక్కన యాప్ ఏమీ అక్కర్లేదు.

జవాబు 4

నేనొక తండ్రిని, అమ్మా. మా అబ్బాయి ఇలాగే అప్పు చేశాడని వాడి స్నేహితుడి ద్వారా తెలిసింది. డబ్బు పోయినందుకు కాదు, నాతో చెప్పలేకపోయాడే అని బాధపడ్డాను. నువ్వు రాసిన కాగితం మీ నాన్నగారికి చూపించు. ఎక్కువ పంపమని అడగక్కర్లేదు. అదే మొత్తాన్ని 1న సగం, 16న సగం వేయమను. మేము ఇప్పుడు అలాగే చేస్తున్నాం, వాడికి నెల రెండో సగం ఇబ్బంది లేకుండా గడుస్తోంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని రాశాను. ఇంటికి వెళ్లొచ్చిన రెండు ప్రయాణాలు, పరీక్ష ఫీజు, ప్రాజెక్టు ప్రింట్లు కలిపితే, ఈ సెమిస్టర్లో నేను తీసుకున్న చేబదుళ్ల మొత్తానికి దాదాపు సమానంగా వచ్చింది. ఇన్నాళ్లూ నాకు చేతిలో డబ్బు నిలవదనే అనుకున్నాను. అక్కా, రూమ్మేట్‌తో మాట్లాడాను, మూడు విడతలకు ఒప్పుకుంది. ఆదివారం నాన్నకు ఫోన్ చేసి 16వ తేదీ సంగతి అడుగుతాను.