కరెంటు బ్రష్షా, మామూలు బ్రష్షా? అమ్మకి ఏది నయం?

గోదారిగట్టు:
అమ్మకి 63. హార్డ్ బ్రష్‌తో అడ్డంగా రుద్దే అలవాటు. కోరపళ్ళ దగ్గర చిగురు జారిపోయి పంటి మొదట్లో గాడి పడింది, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోంది. వేళ్ళకి కీళ్ళనొప్పులు కూడా. అమెరికా నుంచి తెచ్చిన ఎలక్ట్రిక్ బ్రష్ పెట్టెలోనే ఉంది. అది మొదలెట్టమనాలా, లేక మంచి సాఫ్ట్ బ్రష్ కొనిస్తే చాలా?

వైరింగ్‌బాబాయ్:
ప్లగ్గులో పెట్టేముందు ఛార్జర్ అడుగున చిన్నక్షరాలు చదవండి. 100-240 వోల్టులని ఉంటే భయం లేదు. ఉత్త 120 అనో 110-130 అనో ఉంటే మన 230లో మాడిపోతుంది. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ మోడల్‌కి సరిపోయే హెడ్లు ఇక్కడ దొరుకుతాయో లేదో కూడా చూసుకోండి. మూడు నెలలకొకటి లెక్కన ఏడాదికి నాలుగు కావాలి.

పంటిగట్టు:
ఆ గాడి చాలామటుకు గట్టిగా అడ్డంగా రుద్దడం వల్ల పడేదే. పళ్ళపొడి కూడా వాడుతుంటే ఇంకా తొందరగా అరుగుతుంది. హార్డ్ బ్రష్ ఇవాళే పారేయండి.

కీళ్ళనొప్పులున్నాయి కాబట్టి ఎలక్ట్రిక్‌కే నా ఓటు. పిడి లావు, పైగా చెయ్యి ఆడించే పని లేదు. ఆడించకూడదు కూడా! శనగగింజంత పేస్టు పెట్టి, బ్రష్ నోట్లో పెట్టాకే స్విచ్ వెయ్యాలి, లేకపోతే చీరంతా తుంపర్లు. కుచ్చుని పన్నూ చిగురూ కలిసేచోట ఆనించి, పంటికి రెండు మూడు సెకన్లు ఉంచి పక్క పంటికి జరపాలి. ముందు బయటివైపు, తర్వాత లోపలివైపు, చివర నమిలే భాగం. చాలా మోడళ్ళు 30 సెకన్లకోసారి ఆగి గుర్తుచేస్తాయి. నాలుగు భాగాలకి మొత్తం 2 నిమిషాలు.

జివ్వుమనడానికి 5% పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి, గుణం కనబడటానికి రెండు వారాలైనా పడుతుంది. గాడి మాత్రం తనంతట పూడదు. లోతుగా ఉంటే డాక్టర్ సిమెంటు నింపాల్సిందే.

వేపపుల్ల:
ఎలక్ట్రిక్‌ని మరీ ఆకాశానికెత్తకండి. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2014 సమీక్షలో, మామూలు బ్రష్‌తో పోలిస్తే మూడు నెలలు దాటాక పాచి 21%, చిగుళ్ళవాపు 11% తగ్గాయన్నారు. తేడా ఉన్నమాట నిజమే. కానీ పళ్ళ సందుల్లోకి ఏ బ్రష్షూ దూరదు, దానికి సందుల బ్రష్ వేరే ఉండాలి. ఇంకోటి, హెడ్ తీసి కాడ కడక్కపోతే వారంలో నల్లటి జిగురు పేరుకుంటుంది.

గోదారిగట్టు:
ఛార్జర్ మీద 100-240 ఉందండి. గట్టిగా నొక్కితే వెలిగే ఎర్రలైటు మాత్రం ఈ మోడల్లో లేదు.

పంటిగట్టు:
వంటింటి డిజిటల్ తూకం ఉంటే, బ్రష్ ఆపేసి కుచ్చుతో దానిమీద నొక్కించండి. 150 గ్రాములు చూపిస్తే చాలు. హార్డ్ బ్రష్ అలవాటున్న చెయ్యి మొదట 400 దాటించినా ఆశ్చర్యపోకండి. నాలుగైదుసార్లు చేస్తే చేతికి అంచనా దొరుకుతుంది. నెల తిరక్కుండానే కుచ్చు విచ్చుకుపోతే మళ్ళీ తూకం తీయండి.