బర్న్స్ పద్యంలో ‘లెట్ అస్ వర్షిప్ గాడ్’: ఆ ఒక్క పిలుపు ఇంగ్లీషులో ఎందుకు?

ప్రశ్న: స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ ‘ది కాటర్స్ సాటర్డే నైట్’ (పేద రైతు ఇంట శనివారం రాత్రి) పద్యంలో తండ్రి బైబిలు తెరిచే చరణం స్కాట్స్ (స్కాట్లండ్ పల్లెల వాడుక భాష) మాటలతో సాగి, ‘లెట్ అస్ వర్షిప్ గాడ్’ (దేవుణ్ణి ఆరాధిద్దాం) అని ప్రార్థనకు పిలిచే చోట ఇంగ్లీషులోకి మారుతుంది. ఇది కవి తడబాటా, ఉద్దేశించి చేసినదా?

జవాబు: తడబాటు కాదని నా అభిప్రాయం. ఆ చరణంలో ఇంటి పెద్ద టోపీ తీసి పక్కన పెడతాడు. నెరిసి పలచబడిన అతని కణతల జుట్టు ‘లయర్ట్ హాఫెట్స్’, అతడు కీర్తనను ఎంచుకోవడం ‘వేల్స్’, తండ్రి నాటి నుంచి వచ్చిన పెద్ద గ్రంథం ‘హా-బైబిల్’. పొయ్యి చుట్టూ చేరినవారు రోజూ మాట్లాడుకునే భాష అదే. వారి బైబిలు మాత్రం ఆ భాషలో లేదు. 1579లో ఎడిన్‌బరోలో అచ్చు పూర్తయిన బైబిలు, ఆ తరువాత వాడుకలోకి వచ్చిన 1611 నాటి అనువాదం, పిల్లలు కంఠస్థం చేసిన 107 ప్రశ్నల షార్టర్ క్యాటెకిజం (ప్రశ్నోత్తరాల రూపంలోని మతబోధ పుస్తకం), అన్నీ ఇంగ్లీషువే. కాబట్టి కుటుంబ ప్రార్థన మొదలుకాగానే భాష మారడం ఆ పల్లె ఇళ్లలో నిజంగా జరిగినదే. రెండు చరణాల తరువాత తండ్రి వాక్యం చదివే చోట స్కాట్స్ జాడే ఉండదు. బర్న్స్‌కు ఇది చిన్ననాటి నుంచీ తెలిసిన వాతావరణం. అతని తండ్రి విలియం తన పిల్లల కోసం తండ్రీకొడుకుల సంభాషణగా ఒక మతబోధ పుస్తకాన్నే సిద్ధం చేశాడు.

1786లో అచ్చయిన ఈ పద్యాన్ని స్కాట్లండ్‌లో ఫైఫ్ ప్రాంతంలోని కల్ట్స్ సంఘకాపరి కుమారుడైన చిత్రకారుడు డేవిడ్ విల్కీ 1837లో అదే పేరుతో చిత్రించాడు. భక్తి, కుటుంబం, గ్రంథం అన్నీ బొమ్మలోకి వచ్చాయి గాని, పద్యానికి ప్రాణమైన ఈ భాషా మార్పు రంగులకు అందేది కాదు. అందుకే చిత్రం పద్యం కన్నా కొంత మెత్తగా తోస్తుంది.

మరొక ప్రశ్న: మరి ఈ దృశ్యంలో సంఘకాపరి ఎందుకు కనిపించడు?

జవాబు: కుటుంబ ప్రార్థన నడపడం ఇంటి యజమాని బాధ్యత, అందుకే బర్న్స్ అతణ్ణి ‘ప్రీస్ట్-లైక్ ఫాదర్’ (పురోహితుడి వంటి తండ్రి) అన్నాడు. సంఘకాపరి వచ్చేది పరీక్షకు. ‘మనుష్యుని ముఖ్యోద్దేశమేమి?’ అన్న మొదటి ప్రశ్నతో ఆరంభమయ్యే క్యాటెకిజాన్ని పిన్నల చేతా పెద్దల చేతా అప్పజెప్పించుకునేవాడు. చిత్రకారుడు జాన్ ఫిలిప్ 1847లో వేసిన ‘ప్రెస్బిటీరియన్ క్యాటెకైజింగ్’ (ప్రెస్బిటీరియన్ అంటే స్కాట్లండ్ ప్రొటెస్టంట్ సంఘానికి చెందినది) ఆ సందర్భానిది. రెండింటినీ ‘స్కాటిష్ భక్తి చిత్రాలు’ అని ఒకే గాటన కట్టడం సరికాదు. విల్కీ చిత్రంలోనిది ఆరాధన, ఫిలిప్ చిత్రంలోనిది పరీక్ష.