హైదరాబాద్ నుంచి డాలస్‌కి అమ్మానాన్న వస్తున్నారు, ఏ దారి మంచిది?

మానుకోట పిల్ల:
జూన్‌లో అమ్మానాన్న మొదటిసారి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నకి 67, అమ్మకి మోకాళ్ల నొప్పులు. దుబాయ్ మీదుగా ఒక టికెట్ చూశా, తెల్లవారుజామున 4:15కి హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారట. నాన్న అది చూసి పన్నెండు గంటలేగా అంటున్నారు. నిజంగా ఎంతసేపు పడుతుందో తీసుకొచ్చినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
ముందు నాన్నగారికి టైమ్ లెక్క చెప్పండి. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అంటే మీరు చూసిన ప్రయాణం ఇరవై రెండు గంటల పైమాటే. నేరుగా కొలిస్తే దాదాపు 14,400 కి.మీ. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550, తర్వాత 12,900, కాబట్టి చుట్టు తిరుగుడు వెయ్యి కిలోమీటర్లే. మొదటి ఫ్లైట్ నాలుగు గంటలు, అది ఇట్టే గడిచిపోతుంది. రెండోది పదహారు గంటలు, పెద్దవాళ్లకి కష్టమంతా అక్కడే. తిరిగి వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఓ గంట పైనే తగ్గుతుంది.

ఓరుగల్లు నాన్న:
మా బాబు గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది, నేను నమ్మలేక మళ్లీ పట్టి చూశా! 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగానే వచ్చింది కదా. మనకీ నేరుగా ఒకటి ఉంటే ఎంత బాగుండు.

బెజవాడ కోడలు:
అక్కా, ఫ్లైట్‌లో ఎన్ని గంటలన్నదానికన్నా మధ్యలో గ్యాప్ ఎంతుందో చూడు. మా అత్తమ్మావాళ్లకి నేను న్యూయార్క్ మీదుగా తీశా, రెండు గంటల గ్యాప్‌తో. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వాలి. ఇంగ్లీష్ రాదు, లైను కదల్లేదు, డాలస్ ఫ్లైట్ వెళ్లిపోయింది. రాత్రంతా కుర్చీల్లో కూర్చున్నారు. ఇంటికొచ్చాక చూస్తే అత్తమ్మ పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు, ఆవిడ మాత్రం "ఏం లేదులే అమ్మా" అంటున్నారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. అమెరికాలో ఇంకో ఫ్లైట్ మారే పని పెట్టకు. బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడుగు, డబ్బులేం తీసుకోరు. మందులు, చీటీ చేతి సంచిలోనే ఉండాలి. రెండు గంటలకోసారి లేచి నడవమని చెప్పు.

మానుకోట పిల్ల:
దుబాయ్‌లో నాలుగు గంటల గ్యాప్ ఉన్నది తీశా, ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టా. మొత్తం ఇరవై నాలుగు గంటలని చెప్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకి కిటికీ దగ్గర వద్దు, దారి పక్క సీటు తియ్యి బిడ్డా" అన్నారు.