రంగు ‘సరిపోల్చడం’ కాదు, ‘నప్పించడం’

ఫొటో ఆల్బములు తయారుచేసే చోట పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవారి కోసం ఫొటోషాప్ పనులను తెలుగులో రాసిపెడుతున్నాను. లేయర్‌కు ‘పొర’ చక్కగా సరిపోయింది. ఉల్లిపొర చూడండి, పలుచగా ఉండి కింద ఉన్నది కనబడనిస్తుంది. పొరలు ఒకదానిపై ఒకటి పేరిస్తే ‘దొంతర’. ఒక ఫొటో రంగులను మరో ఫొటోకు తెచ్చే ‘మ్యాచ్ కలర్’ దగ్గరే ఆగిపోయాను. మొదట ‘రంగు సరిపోల్చు’ అని రాశాను. అది తప్పని ఒక ఫొటో వల్ల తెలిసింది.

ఒకాయన తన తల్లిదండ్రుల ఫొటోలు రెండు తెచ్చారు. ఇద్దరూ కలిసి దిగినది లేదట, పక్కపక్కన కూర్చున్నట్టు చేయమన్నారు. నాన్నగారిది ఎండలో తీసింది. అమ్మగారిది ట్యూబులైటు కింద తీసింది, ముఖం మీద ఆకుపచ్చ జీర. మా దగ్గర పనిచేసే అబ్బాయి ఒకడు నా రాత చదివి, అమ్మగారి పొరకు నాన్నగారి పొరను ఆధారంగా చూపి నొక్కాడు. జీర పోయింది. దానితోపాటు ఆమె చామనచాయ కూడా పోయింది. “మా అమ్మ ఇంత తెలుపు కాదండీ” అని ఆయన తెర వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

ఇలా ఎందుకవుతుందో ఊహించాలంటే, ఇలాంటి పనికే 2001లో ఎరిక్ రైన్‌హార్డ్, మరో ముగ్గురు ప్రచురించిన పద్ధతి చూడాలి. ఒక బొమ్మలోని రంగుల సగటు ఎంత, ఆ సగటు నుంచి అవి ఎంత దూరం పరుచుకున్నాయి అని కొలిచి, రెండో బొమ్మను ఆ కొలతలకు తెస్తారు. వెలుగు వల్ల వచ్చిన రంగేదో, మనిషి ఒంటి రంగేదో ఆ లెక్కకు తెలియదు.

చివరికి ముఖాలను వదిలి ఇద్దరి తెల్లబట్టలు చూసుకుంటూ, చేసిన మార్పును తగ్గించే ‘ఫేడ్’ పెంచాను. పంచె తెలుపు, చీర తెలుపు ఒకే వెలుగులో ఉన్నట్టు అనిపించిన చోట ఆపాను. సరిపోల్చడమంటే రెండూ పక్కన పెట్టి చూడటం, ఇక్కడ చేస్తున్నది మార్చడం. ‘ఒకేలా చేయడం’ అంటే ఏమవుతుందో చూశాం. వెలుగు ఒకటి కావాలి, ఎవరి చాయ వారికి మిగలాలి. అందుకని ‘నప్పించడం’ అంటాను. మీరేమంటారు?

జవాబు: ‘కలపడం’ ఉండగా కొత్త మాట ఎందుకండీ? మాది మ్యాచింగ్ సెంటర్. చీర అంచును గుడ్డ తాను మీద పెట్టి ‘కలిసింది’, ‘కలవలేదు’ అంటారు. లోపల దీపాల కింద కలిసినా నమ్మకుండా గుమ్మం బయటికి తీసుకెళ్లి ఎండలో చూస్తారు. నప్పడం వేరు. మెరూన్ చీరకు పసుపు జాకెట్టు నప్పుతుంది, రంగు మాత్రం కలవదు.

నా జవాబు: నేను వెతుకుతున్న తేడా అదేనండీ! ఆ అమ్మగారు, నాన్నగారు మెరూన్, పసుపు లాంటివారు. ఎండలోకి తీసుకెళ్లడం కూడా మా పనే, కాకపోతే మేము ఎండను ఫొటోలోకి తేవాలి. పైగా ‘రంగు కలుపు’ అంటే డబ్బాలో రెండు రంగులు పోసి కలపడం గుర్తొస్తుంది. పై పొర రంగు కింది పొరతో కలిసే ‘బ్లెండింగ్’ ఉంది కదా, ఆ మాటను దానికి ఉంచుదాం.

జవాబు: ఎరుపా, పసుపా అని చెప్పే ‘హ్యూ’కు ‘వన్నె’ వాడండి. అచ్చమైన మాట మరుగున పడిపోతోంది.

నా జవాబు: వన్నె నాకూ ఇష్టమే. కానీ పదహారువన్నె బంగారం అన్నప్పుడు అది మేలిమికి కొలత. రంగు పేరు ఒకటే, స్థాయి మారుతోంది. కాబట్టి హ్యూకు ‘రంగు’ చాలు. ‘కలర్ ఇంటెన్సిటీ’కి ‘చిక్కదనం’ రాశాను, పాలకు వాడే మాట. ‘ముదురు’ అందామంటే నల్లబడటం కూడా అందులోకి వస్తుంది, అది ‘లూమినెన్స్’ పని. దానికి ‘వెలుగు’ అన్నాను. ‘ఫేడ్’కు మాత్రం మాట దొరకలేదు. ‘వెలియడం’ కుదరదు, అక్కడ తగ్గేది రంగు కాదు, మనం చేసిన మార్పు.

జవాబు: ‘సడలింపు’ అనండి. బిగించిన ముడిని కాస్త వదలడం.

నా జవాబు: సడలింపు! ఇప్పుడే కాగితంలో కొట్టేసి రాశాను: “రంగు నప్పించాక తెల్లబట్టలు చూస్తూ సడలింపు పెంచండి.”