వైకల్యాల మీద జన్యు పరిశోధన: వైద్యం కోసమా, ఏరివేత కోసమా?

తోబుట్టువు:
మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే పుట్టుకతో వచ్చిన స్థితి. వయసు 31. నాకిప్పుడు నాలుగో నెల. కడుపులో బిడ్డకు అది ఉండే అవకాశం ఎంతో చూడటానికి పదకొండో వారంలో నా రక్తం తీసి చేసే స్క్రీనింగు టెస్టు చేయించాను, 'లో రిస్క్' (అవకాశం తక్కువ) అని వచ్చింది. కౌన్సెలింగ్ గదిలో కౌన్సెలర్ ఆవిడ నవ్వుతూ "హమ్మయ్య, గండం గడిచింది, ఇక నిశ్చింతగా ఉండండి" అన్నారు. తలుపు బయట బెంచీ మీద నా ఫైలూ నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది మా తమ్ముడే. ఆవిడ చెప్పిన గండం వాడే. చెడ్డ మనిషేం కాదు, మంచిగానే అన్నారు. అందుకే ఇంకా బాధేసింది.

1959లో ఫ్రాన్స్‌లో లెజూన్, గోటియే, టర్పిన్ అనే పరిశోధకుల బృందం కణాల్లో జీన్లను మోసే క్రోమోజోముల్లో 21వది రెండుకు బదులు మూడు ఉండటమే డౌన్ సిండ్రోమ్‌కు కారణమని ప్రచురించింది. లెజూన్ దీనికి మందు దొరుకుతుందని ఆశపడ్డాడు. తను కనిపెట్టిన సంగతిని కడుపులోనే ఏరెయ్యడానికి వాడటాన్ని చివరిదాకా వ్యతిరేకించాడు. అయినా ఎక్కువగా వాడుకలోకి వచ్చింది అదే. మరోపక్క, అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ సగటు ఆయుష్షు 25 ఏళ్ళు, ఇప్పుడు 60కి దగ్గర. ఆ పెరుగుదల జీన్ల పరిశోధన ఇచ్చింది కాదు. గుండెకు ఆపరేషన్లు చేయడం మొదలుపెట్టారు, పిల్లల్ని ఆశ్రమాల్లో పడేయకుండా ఇంట్లో పెంచారు. మా తమ్ముడి రొమ్ము మీద నిలువుగా ఉన్న కుట్ల గీతే వాడి ఆయుష్షు.

నా ప్రశ్న ఒకటే. ఈ పరిశోధన వల్ల వైకల్యం ఉన్నవాళ్ళకు మేలు జరుగుతోందా, లేక వాళ్ళు లేకుండా చేయడం జరుగుతోందా?

ఊపిరి_నాన్న:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ 'ఏరివేత' అన్న ఒక్క మాటతో పరిశోధన మొత్తాన్ని ఒకే గాటన కట్టొద్దు.

మా బాబుకు స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, టైప్ 1. కండరాలు బలం కోల్పోయే జన్యు జబ్బు ఇది. మూడో నెలలో మెడ నిలపలేదు. ఊపిరి తీస్తే రొమ్ము లోపలికి పోయి పొట్ట పైకి లేచేది. రాత్రిళ్ళు ఆ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టేవాణ్ణి. మందు లేని రోజుల్లో ఈ రకం పిల్లలు వెంటిలేటర్ లేకుండా రెండో పుట్టినరోజు చూడటమే అరుదు. 1995లో ఈ జబ్బుకు మూలమైన ఎస్‌ఎంఎన్1 అనే జీన్ దొరికింది కాబట్టే 2016లో మొదటి మందు వచ్చింది. 2020లో నోటితో తాగించే మందు వచ్చింది. రోజూ ఒకే వేళకు చిన్న సిరంజితో వాడి బుగ్గలోకి వదులుతాను. ఇప్పుడు ఆసరా లేకుండా కూర్చుంటాడు. జీన్ల జోలికి వెళ్ళొద్దని ఎవరైనా అంటే, నా చెవికి మా బాబు బతకొద్దని అన్నట్టే వినిపిస్తుంది.

నా కోపం ఖరీదు మీద. ఈ జబ్బుకే 2019లో అమెరికాలో అనుమతి పొందిన జీన్ థెరపీ (పనిచేసే జీన్‌ను ఒంట్లోకి ఎక్కించే వైద్యం) ఒక్క డోసు ధర అప్పట్లో 21 లక్షల డాలర్ల పైమాటే. నీతి గురించి మాట్లాడాలంటే అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

సైగలబాస:
నేను పుట్టుకతో వినలేను. మా అమ్మానాన్నలూ వినలేరు. వినికిడికి అవసరమైన కనెక్సిన్ 26 అనే ప్రోటీన్‌కు సంబంధించిన జీన్ మార్పు మా ఇంట్లో తరాలుగా వస్తోంది. మా ఇంట్లో ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు. సైగల్లోనే పోట్లాడుకున్నాం, కథలు చెప్పుకున్నాం. మొట్టమొదట 'లోపం' అన్న మాట నాకు తగిలింది బళ్ళో.

నాన్నగారూ, మీ బాబు ఊపిరికీ నా చెవికీ ఒకే తూకం వేయకండి. మీ బాబుకు ప్రాణాపాయం. నాకు ఇబ్బందల్లా నా భాష రానివాళ్ళతోనే.

చరిత్ర కూడా గుర్తు చేస్తాను. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహమ్ బెల్ 1883లో బధిరులు బధిరుల్నే పెళ్ళాడితే మనుషుల్లో చెవిటి జాతి ఒకటి తయారవుతుందని పెద్ద పత్రమే చదివాడు. 'మంచి' వంశాల్ని పెంచి మిగతావాటిని తగ్గించాలనే 'యూజెనిక్స్' అన్న మాటను బ్రిటన్ శాస్త్రవేత్త గాల్టన్ పుట్టించిందీ ఆ ఏడే. యాభై ఏళ్ళకు, 1933లో, జర్మనీ చట్టం చేసి దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసింది. ఆ చట్టం జాబితాలో వంశపారంపర్య చెవుడు పేరు పెట్టి మరీ ఉంది. చేసింది వైద్యులే, సైన్సు పేరుతోనే. అందుకే 'అంతా మీ మంచికే' అంటే మాకు వెంటనే నమ్మకం కలగదు.

2024లో వినికిడికి అవసరమైన ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ జీన్ పనిచేయని ఆరుగురు పిల్లలకు లోపలి చెవిలోకి జీన్ ఎక్కిస్తే ఐదుగురికి వినికిడి వచ్చింది. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ పిల్లలకు సైగల భాష కూడా నేర్పుతారా? 'బాగయింది కదా' అని ఆ తలుపు మూసేస్తారా? నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి అదే.

ల్యాబ్‌మనిషి:
నేను ఇలాంటి టెస్టులు చేసే ల్యాబులో పనిచేస్తాను. ఒక సంగతి స్పష్టం చేయాలి. తల్లి రక్తంతో చేసేది స్క్రీనింగే తప్ప నిర్ధారణ కాదు. అందులో డీఎన్‌ఏ ముక్కలు ఎక్కువభాగం తల్లివే. బిడ్డవని మేం చూసేవి కూడా చాలావరకు మాయ నుంచి వచ్చినవి, బిడ్డ నుంచి నేరుగా వచ్చినవి కావు. 'హై రిస్క్' అని వస్తే ఉమ్మనీరు పరీక్ష చేయించాకే ఏదైనా అనుకోవాలి.

అరుదైన జబ్బుల విషయంలో ఇది మరీ ముఖ్యం. లెక్క చూడండి. ఒక జబ్బు 20,000 మందిలో ఒకరికి వస్తుందనుకుందాం. టెస్టు వెయ్యికి ఒక్కసారే తప్పుగా గంట కొడుతుందనుకుందాం. 20,000 మందికి చేస్తే నిజమైన కేసు ఒకటి, ఉత్తుత్తి కేసులు 20. రిపోర్టు చేతికందిన తల్లికి ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పకపోవడం నేను కళ్ళారా చూశాను. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇదే హెచ్చరిక చేసింది.

ఇక నా అభిప్రాయం: పరిశోధన ఆపడం పరిష్కారం కాదు. టెస్టుకు ముందు మాట్లాడటం మెరుగుపడాలి.

తోబుట్టువు:
ల్యాబ్ గారూ, మాట్లాడటం మెరుగుపడాలన్నారు, సరే. ఎవరు మాట్లాడాలి? నాకిచ్చిన కాగితంలో గుండె లోపాలు, బుద్ధిమాంద్యం, థైరాయిడ్ అన్నీ రాశారు. అన్నీ నిజాలే. మా తమ్ముడు ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే లేచి అందరి చెప్పులూ జతలుగా సర్దుతాడనీ, అమ్మ పోయిన రోజున నా పక్కన మాట్లాడకుండా కూర్చున్నది వాడొక్కడేననీ ఆ కాగితానికి తెలీదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషితో ఒక్క గంట గడిపే ఏర్పాటు కౌన్సెలింగ్‌లో ఎందుకు ఉండకూడదు?

నాన్నగారూ, మీరన్నది ఒప్పుకుంటున్నాను. 'ఏరివేత' అని తొందరపడ్డాను. మీ బాబుకు దొరికినలాంటిదే నేనూ అడుగుతున్నాను. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో చాలామందికి నడివయసులోనే ఆల్జీమర్స్ మొదలవుతుంది, ఆ జబ్బుతో సంబంధమున్న ఏపీపీ జీన్ 21వ క్రోమోజోము మీదే ఉంది కాబట్టి. మా తమ్ముడికి ఇంకో పదిహేనేళ్ళలో నా పేరు గుర్తుండకపోవచ్చు. దాని మీద పరిశోధన చేయండి, మా రక్తం ఎంత కావాలంటే అంత ఇస్తాం.

కానీ ఏం వెతకాలో తేల్చే బల్ల దగ్గర వాళ్ళకూ కుర్చీ ఉండాలి. 2021లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 10,000 మంది డీఎన్‌ఏ సేకరించాలని 'స్పెక్ట్రమ్ 10కె' అనే పరిశోధన మొదలైంది. కొన్ని వారాలకే నిలిపివేశారు. ఆటిజం ఉన్నవాళ్ళే అడ్డుపడ్డారు. ఈ డేటా రేపు ఎవరి చేతిలో పడుతుంది, గర్భంలోనే పట్టుకునే టెస్టుకు వాడరని హామీ ఏమిటని అడిగారు. అలాంటి ఉద్దేశం లేదని పరిశోధకులు చెప్పినా నమ్మకం కుదరలేదు. ముందే వాళ్ళను పిలిచి అడిగి ఉంటే ఆ పని ఆగేదే కాదని నా నమ్మకం.

సైగలబాస:
ఆ కుర్చీతో పాటు సైగల దుబాసీని కూడా పెట్టమనండి. పిలిచి కూర్చోబెట్టి, ఏం మాట్లాడుకుంటున్నారో మాకు అర్థం కాకుండా చేసిన సమావేశాలు చాలా చూశాను.

ఊపిరి_నాన్న:
ఇది ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. మా ఇద్దరికీ ఆ జీన్ మార్పు ఉంది, కాబట్టి ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. టెస్టు చేయించాం. ఉమ్మనీరు తీసిన రోజు ఇంటికొచ్చేసరికి బాబు గోడకు ఆనుకోకుండా కూర్చుని బొమ్మ లారీకి చక్రం పెడుతున్నాడు. నా మొహం చూసి "నాన్నా, ఏమైంది?" అన్నాడు.

మేం చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఈసారి ముందే తెలిస్తే పుట్టిన వారంలోనే మందు మొదలుపెట్టొచ్చు, లక్షణాలు రాకముందే ఇస్తే ఫలితం ఎంతో బాగుంటుంది. ఆ కారణం నిజమే. కానీ అదొక్కటే కారణమని వాడి ముందు చెప్పలేకపోయాను. రిపోర్టు వచ్చే వారం వస్తుంది.