ఆనందం కోసం చదివేటప్పుడు పాత నవలా, కొత్త నవలా?

రెండోచదువు:
ఉద్యోగ విరమణ తరువాత నా చదువు ఒకే వైపు సాగుతోంది. డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ ఈ వేసవిలో మళ్లీ పూర్తి చేశాను. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు నా సానుభూతి అంతా కల్యాణి వైపు ఉండేది; ఇందిర ఒట్టి స్వార్థపరురాలిగా కనిపించేది. ఇప్పుడు చదివితే, తన బతుకు తానే చూసుకోవలసి వచ్చిన ఆ అమ్మాయి నిక్కచ్చితనమే నవలను నిలబెట్టిందని అనిపించింది. ప్రకాశం మీద అప్పట్లో కలిగిన జాలి ఇప్పుడు ఏ మాత్రమూ కలగలేదు. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన నవల ఇన్నేళ్ల తరువాత నాకు కొత్త మనుషులను చూపించింది.

అదే సమయంలో, డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో కొన్న కొత్త నవలలలో ఏ ఒక్కదానిలోనూ 50 పుటలు దాటలేకపోయాను. పరీక్ష కోసమో వ్యాసం కోసమో కాక కేవలం ఆనందం కోసం చదివేవారికి పాత నవలలే మేలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

కొత్తపుట:
మీరు ఆనందం అంటున్నది నవల వలన కలిగినది కాదు, మీ కాలేజీ రోజులు గుర్తుకు రావడం వలన కలిగినది. ఆ రెండింటినీ కలిపివేసి, దానితో కొత్త నవలలను తూచడం న్యాయం కాదు. అంతకంటే ముందు ఒక ప్రశ్న: 50 పుటలకే మూసివేసిన నవల గురించి అభిప్రాయం చెప్పే అధికారం పాఠకుడికి ఎక్కడి నుంచి వస్తుంది?

గోదారిగట్టు:
రెండూ చదువుతాను. రైలులో కొత్తది, ఇంట్లో పాతది. గొడవ లేదు.

రెండోచదువు:
కొత్తపుట గారూ, 50 పుటలు తక్కువేమీ కాదు. వంట రుచి తెలియడానికి గిన్నె అంతా ఖాళీ చేయనక్కరలేదు కదా. మంచి నవల మొదటి ప్రకరణంలోనే మనిషిని కూర్చోబెడుతుంది. ఇక కాలేజీ రోజుల సంగతి: నా అభిప్రాయం మారిందని నేనే వ్రాశాను. కేవలం జ్ఞాపకమే అయితే ఇందిర ఇప్పటికీ నాకు స్వార్థపరురాలిగానే కనిపించి ఉండేది.

కొత్తపుట:
అయితే ‘వేయిపడగలు’ తీసుకుందాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని బాపిరాజు గారి ‘నారాయణరావు’తో పంచుకున్న నవల అది. మీరు దాన్ని కూడా ఒకటికి రెండుసార్లు చదివే ఉంటారు. అందులో తొలి పుటలన్నీ సుబ్బన్నపేట పుట్టుపూర్వోత్తరాలు, సర్పం, కోట, గుడి. ఇవాళ ఒక ముప్పై ఏళ్ల రచయిత అలాంటి ఆరంభంతో వెయ్యి పుటల నవల తెచ్చి మీ చేతిలో పెడితే, మీ కొలత ప్రకారం అది ఎప్పుడో అటక ఎక్కేది. పేరున్న రచయితకు ఇచ్చే ఓపిక పేరులేని రచయితకు మీరు ఇవ్వడం లేదు. దానికి అభిరుచి అని పేరు పెట్టుకుంటున్నారు.

సీరియల్ అభిమాని:
మా అమ్మ వారపత్రికలలోనూ మాసపత్రికలలోనూ వచ్చిన సీరియళ్లను చింపి, వరుస తప్పకుండా పేర్చి, దారంతో కుట్టి, అట్టలు వేసి దాచుకునేది. మధ్యలో ప్రకటనలు, వంటల శీర్షికలు, ఎవరో వేసిన పెన్సిలు గీతలు కూడా అందులోనే ఉండేవి. ఆమె పోయాక ఇంటికి రంగులు వేయించే వంకతో మా బంధువులు ఆ కట్టలన్నిటినీ పాత కాగితాల వాడికి తూకానికి వేసేశారు. పాత నవలలు ఎందుకు చదువుతారని అడిగేవారికి నా సమాధానం ఇదే.

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ మొన్న మళ్లీ కొని చదివాను. పదిహేడేళ్ల వయసులో రాజశేఖరం అంటే ప్రాణం. ఇప్పుడు జయంతి స్థానంలో నేనుంటే మూడో రోజే రాజీనామా ఇచ్చి వచ్చేదాన్నని పుట పుటకూ అనుకుంటూ చదివాను. అయినా రాత్రి రెండు గంటల దాకా పుస్తకం కింద పెట్టలేదు. కోపం తెచ్చుకుంటూ చదవడంలో కూడా ఆనందం ఉంటుందని కొత్తపుట గారు ఒప్పుకోవాలి.

అచ్చుతప్పు:
కొత్త నవలలు నేను మానేయడానికి కారణం ఒక్కటే: ప్రూఫులు ఎవరూ చూడడం లేదు. మొన్న చదివిన దానిలో ఒక పాత్ర పేరు రెండు రకాలుగా అచ్చయింది. చనిపోయిన అన్న ఎవరో, బతికున్న తమ్ముడు ఎవరో నాకు చివరి వరకు తెలియలేదు.

ఓరుగల్లు వాసి:
పాత నవలలంటే ఎవరి పాత నవలలు? ఇంతవరకు ఇక్కడ వచ్చిన పేర్లను చూడండి. నేను బడిలో ఉన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో దొరికిన నవలలన్నిటిలోనూ కాలువ గట్లు, వరి చేలు, కోస్తా జిల్లాల ఇళ్లే ఉండేవి. ఆ మనుషులు తినేది వేరు, పిలుచుకునేది వేరు. వాటిని శ్రద్ధగా చదివాను కానీ, తిరిగి వెళ్లాలని ఎన్నడూ అనిపించలేదు; వెళ్లడానికి అది మా ఇల్లు కాదు.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ నాకు నలభై దాటిన తరువాత చేతికి వచ్చాయి. నిజాం కాలపు ఊరు, దొర, వెట్టి, మా తాత నోట విన్న మాటలు అచ్చులో కనిపించాయి. ఆ పుస్తకాలు వచ్చి అప్పటికే దశాబ్దాలు గడిచాయి, కానీ నాకు మాత్రం అవి ఆ సంవత్సరం చదివిన కొత్త నవలలు. కాబట్టి అచ్చయిన సంవత్సరాన్ని బట్టి పుస్తకాలను రెండు గుంపులుగా విడగొట్టి మీరిద్దరూ ఎందుకు పోట్లాడుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

రెండోచదువు:
ఓరుగల్లు వాసి గారూ, మీ మాటలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. అయితే అది గ్రంథాలయాలకు పుస్తకాలు కొన్నవారిని అడగవలసిన ప్రశ్న. నేను అడిగింది ఆనందం గురించి.

ఓరుగల్లు వాసి:
నేను చెప్పినది కూడా ఆనందం గురించే.

కొత్తపుట:
ఆయన చెప్పిన దానిని ఇంకొంచెం ముందుకు తీసుకుపోతాను. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమను, హండె రాజుల నాటి అనంతపురం సీమను కథగా చెప్పింది. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’లో కరువు కాలాన గొర్రెలను తోలుకుని నల్లమల అడవికి వెళ్లే కాపరుల బతుకు ఉంది, మందను ఎక్కడ నిలపాలి, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, పులి జాడ ఎలా పోల్చుకోవాలి అనే సంగతులు కథ నుంచి విడదీయరానివిగా వస్తాయి. ఇవి పాత నవలలలో దొరకని ఊళ్లు, దొరకని పనులు. రెండోచదువు గారు పుస్తక ప్రదర్శనలో కొన్నవాటిలో ఇటువంటివి ఉన్నాయా? ఉంటే, 50 పుటల దగ్గర ఆగడానికి కారణం కథా, భాషా?

రెండోచదువు:
దాచడమెందుకు, కొంతవరకు భాషే. ప్రతి వాక్యం దగ్గరా ఆగి అర్థం చేసుకుంటూ పోవడం శ్రమ. శ్రమ చేస్తే జ్ఞానం వస్తుంది, ఆనందం రావాలని లేదు.

కొత్తపుట:
రావిశాస్త్రి గారి రచనలలోని ఉత్తరాంధ్ర మాట మీకు శ్రమ అనిపించలేదు. అలవాటు చేసుకున్నారు కాబట్టి అది మీకు సంగీతమైంది. మా సీమ మాటకు మాత్రం నిఘంటువు కావలసి వచ్చింది.

డల్లాస్ పాఠకుడు:
అందరికీ నమస్కారం. ఇక్కడికి ఒక తెలుగు నవల తెప్పించుకుంటే పుస్తకం ధర కంటే తపాలా ఖర్చు ఎక్కువ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారి స్కాన్లు ఉన్నాయి కాబట్టి పాత నవలలే చదువుతున్నాను. సిద్ధాంతం ఏమీ లేదు.

రెండోచదువు:
నేనూ టాబ్లెట్ మీద ఆ స్కాన్లే చదువుతాను. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, కళ్లకు హాయి.

కొత్తపుట:
ఇప్పుడు విషయం తేలింది. మీకు ఇష్టమైన పాత నవలకు మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వడం లేదు. ఉచితంగా దొరికే దాని పక్కన డబ్బు పెట్టి కొన్నదాన్ని ఉంచి, కొన్నది బాగాలేదంటున్నారు.

రెండోచదువు:
ఈ నింద నేను ఒప్పుకోను. శ్రీదేవి గారు 1961లో మరణించారు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు హక్కు ఉంటుంది; అది 2021తో ముగిసింది. నేను దొంగతనమేమీ చేయలేదు. గోపీచంద్ గారు 1962లో పోయారు కాబట్టి ‘అసమర్థుని జీవయాత్ర’ కూడా 2023 నుంచి అందరిదీ.

అచ్చుతప్పు:
మరి ‘చివరకు మిగిలేది’? బుచ్చిబాబు గారు 1967లో మరణించారు. 2027 చివరి దాకా హక్కు ఉంది. విశ్వనాథ వారు 1976లో పోయారు. ‘వేయిపడగలు’కు 2036 దాకా ఆగాలి. అవి ఏ ప్రతిలో చదివారో రెండోచదువు గారు చెబితే బాగుంటుంది.

రెండోచదువు:
ఆ రెండూ అచ్చు ప్రతులే. నా అలమరలో ఉన్నాయి. ఫొటో పెట్టమంటారా?

అచ్చుతప్పు:
పెడితే ముద్రణ సంవత్సరం కనిపించేలా పెట్టండి. కొన్ని ముద్రణలలో తప్పులు తక్కువ.

సీరియల్ అభిమాని:
నవలల గురించి మాట్లాడుకుంటున్నాం అనుకున్నాను. కోర్టులో కూర్చున్నట్టుంది.

కొత్తపుట:
చట్టం సంగతి నేను ఎత్తలేదు. నేను అన్నది ఇది: చనిపోయినవారిని మళ్లీ మళ్లీ చదువుతూ, బతికి ఉన్నవారికి 50 పుటలు మాత్రం కేటాయించే పాఠకులే మిగిలితే, తెలుగులో నవల వ్రాసేవాడు ఎవరి కోసం వ్రాయాలి? శ్రీదేవి గారి నవల 1957లో కొత్తదే. నవీన్ గారి ‘అంపశయ్య’ 1969లో కొత్తదే. ఉస్మానియా హాస్టలులో రవి అనే విద్యార్థి ఒక్క రోజు ఆలోచనలతో నవల మొత్తం నడిపితే, ఆనాడు దాన్ని చేతిలోకి తీసుకున్న పాఠకుడు మీలా ఆగిపోయి ఉంటే ఇవాళ మీకు మళ్లీ చదవడానికి ఏమి మిగిలేది? ఎవరో ఒకరు మొదటిసారి చదివితేనే ఇంకొకరికి రెండోసారి చదివే భాగ్యం దక్కుతుంది. మీరు ఆ అప్పు తీర్చడం లేదు.

రెండోచదువు:
అప్పు అన్న మాట మీ నోటి నుంచే వచ్చింది కాబట్టి ఇన్నాళ్లు ఎక్కడా వ్రాయని సంగతి వ్రాస్తాను. కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడు నవల వ్రాసి, సంతకం పెట్టి, ఇంటికి తెచ్చి ఇచ్చాడు. మొదటి వారం చదివారా అన్నాడు. రెండో వారం ఎలా ఉందన్నాడు. ఆ తరువాత ఆవిష్కరణ సభలో మాట్లాడమన్నాడు. నాకు నచ్చినవి నాలుగు, నచ్చనివి రెండు చెప్పాను. అంతటితో ముప్పై ఏళ్ల స్నేహం ముగిసింది. వాళ్ల అబ్బాయి పెళ్లికి పిలుపు కూడా రాలేదు. అప్పటి నుంచి కొత్త నవల తెరిస్తే నాకు పుటల మధ్య ఆ మనిషి ముఖం కనిపిస్తుంది. బుచ్చిబాబు గారు నాకు ఫోను చేయరు. ‘చివరకు మిగిలేది’లోని దయానిధి నాకు నచ్చలేదంటే ఎవరూ నొచ్చుకోరు. ఆనందం కోసం చదవడం అంటే నాకు అర్థం ఇదే: చదివిన తరువాత ఎవరికీ జవాబు చెప్పుకోవలసిన అవసరం లేకపోవడం. తెలుగులో కొత్త నవల చదవడం ఇప్పుడు పేరంటానికి వెళ్లి రావడం లాంటిది. వెళ్లకపోయినా తప్పే, వెళ్లి పెదవి విరిచినా తప్పే.

ఓరుగల్లు వాసి:
ఈ మాట మొదటి రోజే వ్రాసి ఉంటే 50 పుటల తగవు ఉండేది కాదు.

కొత్తపుట:
నేనూ దాచను. నేను నవల వ్రాసినవాడిని. మీరు చెప్పిన మిత్రుడిని నేను కాదు. కానీ సంతకం పెట్టి ఇచ్చినవాడినే, వారం తరువాత ఫోను చేసినవాడినే. ఎందుకు చేశానో వినండి. నా నవల కొన్నవారిలో నాకు ముఖపరిచయం లేనివారు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవారంతా బంధువులు, సహోద్యోగులు, తోటి రచయితలు. రేడియోలోనో రైలులోనో పేరు విని, అద్దె పుస్తకాల షాపులో రోజు అద్దెకు తీసుకుని, బాగుంటే నలుగురికి చెప్పి, బాగాలేకపోతే మరునాడే తిరిగిచ్చే పాఠకుడు యద్దనపూడి గారికి ఉండేవాడు. ఆమె ఎవరికీ ఫోను చేయవలసిన అవసరం రాలేదు. ఆ అపరిచిత పాఠకుడు వెళ్లిపోయాడు కాబట్టి పరిచయస్తులు మిగిలారు. పరిచయస్తులే మిగిలారు కాబట్టి మీరు పారిపోతున్నారు. మీరు పారిపోయిన కొద్దీ మాకు ఇంకా పరిచయస్తులే గతి.

సీరియల్ అభిమాని:
అద్దె షాపులో మా అమ్మ ఖాతా ఉండేది. నచ్చని నవలను విసురుగా బల్ల మీద పెట్టి, “ఇలాంటివి తెప్పించకు నాయనా” అనేది. ఆ రచయితకు ఈ సంగతి ఎన్నటికీ తెలియదు.

రెండోచదువు:
కొత్తపుట గారూ, మీరు చెప్పిన కారణం నాకు అర్థమైంది. అయినా ఆ ఖాళీని నింపే బాధ్యత నా మీద పెట్టవద్దు. ముప్పై ఐదేళ్లు బాధ్యతగా పనిచేసి ఇంటికి వచ్చినవాడిని. చదువు ఒక్కటే బాధ్యత లేకుండా మిగిలింది. ఒక పని మాత్రం చేయగలను: మీ నవల పేరు చెప్పండి, అంగడిలో కొనుక్కుని చదువుతాను, అభిప్రాయం ఎక్కడా వ్రాయను.

నిర్వాహకుడు:
సభ్యులు తమ సొంత పుస్తకాల ప్రచారం ఈ చర్చలో చేయరాదన్న నియమం ఉంది. దయచేసి గమనించగలరు.

కొత్తపుట:
నియమం లేకపోయినా చెప్పను. చెబితే మీరు చదివేది మళ్లీ ఒక పరిచయస్తుడి నవలే అవుతుంది. మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’ కొనండి. దేవదాసీల బతుకు, సంగీతం ఉన్న నవల. 2022లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఆయన మీకు ఫోను చేయరు. 51వ పుట దాకా వెళ్లారో లేదో నేనూ అడగను.

అచ్చుతప్పు:
రెండోచదువు గారూ, అలమర ఫొటో ఇంకా పెట్టలేదు.