రెప్పలు వాలిన అబ్బాయిని నిద్రమత్తు అనుకున్నాను. క్యాజువాలిటీలో మీరు ముందుగా ఏం చూస్తారు?

నైట్ డ్యూటీ సిస్టర్:

అందరికీ నమస్కారం. వంద పడకల ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేరి పదకొండు నెలలైంది. మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. అనుభవం ఉన్నవాళ్లు సమాధానం చెబుతారని రాస్తున్నాను.

ఆ రోజు తెల్లవారుజామున మూడున్నరకు పదిహేనేళ్ల అబ్బాయిని మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు తల్లిదండ్రులు. కడుపులో మెలిపెడుతున్న నొప్పి, రెండు వాంతులు. రాత్రి పెళ్లి భోజనం చేశాడట. అప్పుడే రోడ్డు ప్రమాదం కేసులు రెండు వచ్చి ఉన్నాయి, ఒకాయనకు తల పగిలి రక్తం ఆగడం లేదు. అబ్బాయికి నాడి 96, రక్తపోటు 120/80, శ్వాస 18, ఆక్సిజన్ 98, జ్వరం లేదు. డ్యూటీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, మెత్తగానే ఉందని గ్యాస్‌కు, వాంతులకు ఇంజెక్షన్లు రాశారు. ఇచ్చాను. సెలైన్ పెట్టి గోడ పక్క మంచం మీద పడుకోబెట్టాను.

నాలుగుంబావుకు తల్లి వచ్చి నా చేయి పట్టుకుంది. "అమ్మా, వాడు కళ్లు తెరవలేకపోతున్నాడు" అంది. తెల్లవారుజాము కదా, నిద్రమత్తు, పడుకోనివ్వండి అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఇరవై నిమిషాల తర్వాత సెలైన్ చూడటానికి వెళ్తే నోటి పక్క నుంచి చొంగ కారి దిండు తడిసి ఉంది. పేరు పెట్టి పిలిచాను. నన్ను చూడాలని నుదురు ముడతలు పడేలా కనుబొమలు పైకెత్తాడు, రెప్పలు మాత్రం సగంలోనే ఉండిపోయాయి. మాట ముక్కుతో వస్తోంది. అప్పుడు అడిగాను, రాత్రి ఎక్కడ పడుకున్నాడని. కరెంటు పోతే వసారాలో నేల మీద చాప వేసుకున్నాడట. ఒళ్లంతా టార్చి వేసి వెతికితే మోచేతి పక్కన చీమ కుట్టినంత చుక్క. డాక్టరును కేకేశాను. చూడగానే కట్లపాము అన్నారు.

పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ పది వయల్స్ (చిన్న సీసాలు) మొదలుపెట్టాం. ఐదున్నరకల్లా ఊపిరి పైపైనే ఆడటం మొదలైంది, గొంతులోకి ఊపిరి గొట్టం (ట్యూబు) వేశారు. మా దగ్గర వెంటిలేటర్ లేదు. 108లో గంటన్నర దూరం చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగు నొక్కుతూ నేనే వెళ్లాను. లెక్క తప్పకుండా ఒకటి నుంచి ఐదు దాకా పైకి అంటూ నొక్కాను. అబ్బాయి ఇప్పుడు పెద్దాసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు.

నాడి, బీపీ లాంటి వైటల్స్ అన్నీ బాగున్నప్పుడు అంత వరుసలో ఇలాంటి రోగిని మీరు ఎలా పట్టుకుంటారు?

పాత వార్డు సిస్టర్:

తల్లీ, ఐసీయూలో, క్యాజువాలిటీలో కలిపి ఇరవై ఎనిమిదేళ్లు చేశాను. వానాకాలంలో, అర్ధరాత్రి దాటాక, కడుపునొప్పి అని వచ్చిన ఎవరినైనా "ఏం తిన్నావు" కంటే ముందు "ఎక్కడ పడుకున్నావు" అని అడుగుతాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. కోరలు చిన్నవి, చాలామందికి కరిచినట్టే తెలియదు. వాపు ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. అందుకే గ్యాస్ నొప్పి అని పంపించేస్తారు.

నేల మీద అన్నారంటే రెప్పలు చూడు. తల కదపకుండా పైన ఫ్యాను కేసి ఒక నిమిషం చూడమను. రెప్పలు మెల్లగా జారుతుంటే అదే సూచన. దిండు మీద నుంచి తల ఎత్తమను. ఆ తర్వాత గట్టిగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో పెట్టించి, ఆ అంకెను టైముతో సహా కేస్ షీటులో రాయి. పావుగంటకోసారి అదే పని. మొదట 30, తర్వాత 22, తర్వాత 14 అని దిగుతుంటే ఇక ఎదురుచూడకూడదు, డాక్టరును పిలిచి ట్యూబుకు సిద్ధం చేయాలి. ఆక్సిజన్ అంకె అన్నిటికంటే ఆఖరున పడుతుంది, దాన్ని నమ్ముకుని కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

ఇరవై నిమిషాల రక్తం పరీక్ష గురించి కూడా చెప్పాలి. పొడి గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టింది కాబట్టి పాము కాదని తేల్చేయవద్దు. గడ్డకట్టకపోవడం రక్తపింజర లాంటి వాటి లక్షణం. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. కొత్త గొట్టమే వాడు, సబ్బుతో కడిగిన గొట్టంలో ఫలితం తప్పుగా రావచ్చు.

ఏఎస్‌వీ పొడిని నీళ్లతో కలిపేటప్పుడు గిలక్కొట్టకు, నురగ వస్తుంది. వయల్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా తిప్పు. పది వయల్స్ ఒక్కదానివే కలుపుతూ కూర్చుంటే కాలం దాటిపోతుంది, ఇంకొకరిని పిలు. మందు పడక రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి ట్రేలో పెట్టుకున్నాకే డ్రిప్ తెరువు. పిల్లలకు కూడా పెద్దవాళ్ల డోసే, తగ్గించకూడదు.

మందు ఇచ్చాం, రెప్పలు లేవలేదేమిటని కంగారుపడకు. నరాల కొసలు దెబ్బతిన్నాక అవి కోలుకోవడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ వెంటిలేటరే ప్రాణం.

బ్రిటన్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సు:

మాది కోనసీమ. ఇక్కడ ఎమర్జెన్సీలో ఆరేళ్లుగా ఉన్నాను. తలుపు దగ్గరే ఒక నర్సు రోగిని చూసి మాంచెస్టర్ పద్ధతిలో ఐదు రంగుల్లో ఒకటి ఇస్తుంది: ఎరుపు అయితే వెంటనే, నారింజ అయితే పది నిమిషాల్లో. వైటల్స్‌కు న్యూస్ అనే స్కోరు కూడా కడతాం, అది పదహారేళ్లు నిండినవాళ్లకు. అబ్బాయికి పదిహేనే అయినా, మీరు రాసిన అంకెలతో ఊరికే కట్టి చూశాను. నాడికి ఒక్క పాయింటు తప్ప ఏమీ రాలేదు. అంటే ఇక్కడైనా మొదటి చూపులో దాటిపోయేవాడే.

మీ కథలో విషం లక్షణాన్ని ముందుగా చెప్పింది తల్లి. ఇంగ్లండులో 2024 నుంచి ఆసుపత్రుల్లో మార్తా నియమం అని అమలు చేస్తున్నారు. 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి ఇన్ఫెక్షన్ ముదిరి వచ్చే సెప్సిస్‌తో చనిపోయింది, తల్లిదండ్రులు పిల్ల పరిస్థితి దిగజారుతోందని చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు ఇంటివాళ్లు అడిగితే వేరే బృందం వచ్చి వెంటనే చూడాలి. మన దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా, "వీడు ఎప్పటిలా లేడు" అని కన్నతల్లి అన్నప్పుడు ఆ మాటను నాడి, బీపీలతో పాటు కేస్ షీటులో రాయవచ్చు. రాస్తే మళ్లీ ఒకసారి చూడాలనిపిస్తుంది.

108 టెక్నీషియన్:

సిస్టర్, ఇలాంటి కేసుతో బండి ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత ఉందో మీ కళ్లతో చూడండి. పెద్ద గుంత దాటిన ప్రతిసారీ ట్యూబు గుర్తు ఎన్నో నంబరు దగ్గర ఉందో చూసి, ఛాతీ రెండు వైపులా లేస్తోందా గమనించండి. అవతలి ఆసుపత్రికి బయలుదేరకముందే ఫోను చేసి వెంటిలేటర్ ఖాళీ ఉందని ఖాయం చేసుకోవాలి. అక్కడికి వెళ్లాక లేదంటే మీ చేతులే వెంటిలేటర్.

పాత వార్డు సిస్టర్:

ఒక సంగతి రాయడం మరిచాను, అన్నిటికంటే ముందు రాయవలసింది. కదలలేకపోయినా ఆ అబ్బాయికి అంతా వినిపిస్తుంది. టార్చి వేస్తే కంటిపాప కదలకపోవచ్చు, చేయి గిల్లితే లాక్కోలేకపోవచ్చు, తెలివి మాత్రం ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక కూలీ ఆవిడ మంచం పక్కనే బంధువులు దహనం ఖర్చుల గురించి మాట్లాడుకుంటుంటే, ఆవిడ కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారడం నేను చూశాను. అప్పటి నుంచి గొంతులో కఫం లాగే సక్షన్ వేసే ముందు, పక్కకు తిప్పే ముందు, పేరు పెట్టి చెప్పి చేస్తాను. కళ్లు ఎండిపోకుండా మందు రాసి రెప్పలు మూస్తాను. మత్తుమందు సరిపోతోందా అని డాక్టరును అడుగుతాను. తల్లికి ఫోను చేసి చెప్పు, వాడితో మాట్లాడుతూ ఉండమని.

నైట్ డ్యూటీ సిస్టర్:

మీ మాట చదివిన వెంటనే ఆమెకు ఫోను చేశాను. బండిలో అబ్బాయి మేనమామ "ఇక లేనట్టేరా" అని ఏడ్చాడు, అది వాడు విన్నాడేమోనని నాకు చేతులు వణికాయి.

ఎనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. నిన్న ట్యూబు తీశారు. ఈ రోజు పొద్దున తల్లి వీడియో కాల్ చేసి వాడికి ఇచ్చింది. గొంతు బొంగురుగా ఉంది, కుడి రెప్ప ఇంకా కొంచెం కిందికే ఉంది. మామయ్య ఏడవడం గుర్తుందట. నన్ను చూసి పోల్చుకోలేదు కానీ మాట వినగానే, "మీరే కదా, ఐదు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి అనేవారు. నేను కూడా మీతోనే లెక్కపెట్టాను" అన్నాడు.